అసలు పేరు పక్షోత్సవాలు

తాడిలంకపేటలో మురుగు కాలువలకు మూతలు లేకపోయినా, వీధి స్తంభాలకు బల్బులు లేకపోయినా, మనుషులకు మాత్రం పేర్లున్నాయనుకునేవాళ్లం. అది ఉత్త భ్రమ అని కమిషనర్ ప్రద్యుమ్నరావు గారు శిక్షణకు వెళ్లొచ్చాక తెలిసింది.

అధికారులు శిక్షణకు వెళ్లొస్తున్నారంటే ఊరు కాస్త జాగ్రత్తగా ఉండాలి. కిందటి కమిషనర్ గారు ఇలాగే వెళ్లొచ్చి, ఊరికి క్రమశిక్షణ వస్తుందని కొబ్బరిచెట్లన్నిటికీ నడుం దాకా సున్నం కొట్టించారు. ప్రద్యుమ్నరావు గారు ఏదో చల్లటి కొండ మీద కొన్నాళ్లుండి 'మూలాలకు మళ్లడం' నేర్చుకొచ్చారు. వచ్చిన మర్నాడే మైకు కట్టిన ఆటో వీధివీధీ తిరిగింది.

"ఇందుమూలముగా యావన్మంది పురజనులకు తెలియజేయడమేమనగా, పౌరుని అసలు పేరే పౌరుని అసలు ఆస్తి. కాలక్రమమున వివాహ, వ్యాపార, రాజకీయాది కారణములచే మరుగునపడిన అసలు పేర్లను వెలికితీయు నిమిత్తం అసలు పేరు పునరుద్ధరణ పక్షోత్సవములు నిర్వహించబడును. ప్రతి గృహము యొక్క సింహద్వారము నందు, లోపల నివసించు వారి అసలు పేర్లు గల నీలిరంగు బోర్డు విధిగా అమర్చవలెను. అసలు పేరు నిర్ధారణ కానివారు అనామకులుగా నమోదు చేయబడుదురు."

ఆ బోర్డులు రాసే పని నాకొచ్చింది. ఫ్లెక్సీలు వచ్చాక ఊళ్లో బ్రష్షు పట్టుకునేవాడు నేనొక్కడినే మిగిలాను. కాబట్టి ఈ వ్యవహారంలో నన్ను నిష్పక్షపాతిని అనుకోకండి. ఊరందరి పేర్లూ తప్పని తేలితే బాగుపడేది నేనే.

నా పేరు నాగభూషణం. మా తాత పేరు నాకు పెట్టారు. మామగారి పేరు కోడలు పలకకూడదు కనక మా అమ్మ నన్ను 'పెద్దాడా' అని పిలుస్తుంది. చిన్నాడు అంటూ మా ఇంట్లో ఎవరూ లేరు; నాన్న పోయాక ఉన్నది నేనూ, అమ్మా, నానమ్మే. మా వైపు అసలు పేరంటే ఎవరూ పిలవని పేరని అర్థం. 'అందరూ కొండబాబు అంటారు గానీ ఆయన అసలు పేరు వేరే అండీ' అంటారు. ఆ వేరే ఏమిటో మనిషి పోయాక పేపర్లో చదువుకుని, 'ఓహో, ఈయనా!' అనుకుంటాం. ఇన్నాళ్లూ ఆ పద్ధతి వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

పక్షోత్సవాల కోసం పైనుంచి ఒక విశేషాధికారిని వేశారు. ఆయన పేరు సచ్చిదానందం. ప్రారంభ సభలో ఆయన చాలాసేపు మాట్లాడి, చివర్లో నిర్వచనం చదివారు.

"అసలు పేరు అనగా, జన్మించిన పిదప బంధుమిత్రుల సమక్షమున, పళ్లెములోని బియ్యముపై లిఖించి, శిశువు చెవిలో ఉచ్చరించబడిన పేరు. తదనంతరము సంక్రమించిన పేర్లన్నియూ కేవలము వాడుక పేర్లుగా పరిగణించబడును."

జనం చప్పట్లు కొట్టారు. మంచినీళ్ల సంగతి ఏమన్నా చెప్తారేమోనని వచ్చినవాళ్లు కూడా కొట్టారు.

ఆ సాయంత్రం ముందుగా మా ఇంటి బోర్డుతోనే శుభారంభం చేద్దామని, రేకుకి నీలం రంగు వేసి ఆరబెట్టి, వంటింట్లోకి వెళ్లాను. అమ్మ చారుకి చింతపండు పిసుకుతోంది.

"అమ్మా, నీ అసలు పేరు రాయాలి. పెళ్లికి ముందుది."

"అది రాస్తార్రా?" అంది అమ్మ. చింతపండు చేత్తో అలాగే లేచి నిలబడింది.

"రాయమనే ఆర్డరు. చెప్పు మరి."

"నేను చెప్పకూడదురా పెద్దాడా. అత్తగారి పేరు కోడలు పలకచ్చా?"

"నేను అడుగుతోంది నీ పేరమ్మా."

"నేను చెప్తోంది కూడా అదేరా."

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు ఎప్పుడో విని, నవ్వుకుని మర్చిపోయాను. మా నానమ్మ పేరు హైమవతి. మా అమ్మ పేరూ హైమవతే. పెళ్లిచూపుల్లో అమ్మ వాళ్ల నాన్న లోపలికి తిరిగి "హైమవతీ, మంచినీళ్లు పట్రా తల్లీ" అన్నాడట. పీట మీద కూర్చున్న నానమ్మ ఉలిక్కిపడి లేచి నిలబడిందట. సంబంధం నచ్చింది, పిల్ల నచ్చింది, పేరొక్కటే నచ్చలేదు. పెళ్లిపీటల మీదే దాన్ని తీసేసి 'సుగుణ' అని కొత్త పేరు పెట్టారు. అప్పటినుంచీ రేషను కార్డు దగ్గర్నుంచి గ్యాసు బండ దాకా అమ్మ సుగుణే.

వసారాలో మంచం మీద ఉండే నానమ్మకి వినికిడి తక్కువంటారు గానీ, ఆవిడకి అవసరమైన మాటలు బాగానే వినిపిస్తాయి.

"ఏంట్రా ఆ గోల?" అంది. "ఒక కొంపలో ఒక పేరుతో ఇద్దరుంటే ఎలా కుదురుద్దిరా? దాన్ని తిట్టాలంటే నన్ను నేను తిట్టుకోవాలి. ఆలోచించే మార్చాం."

"ఇప్పుడు మళ్లీ రాయమంటున్నారు నానమ్మా."

"నేను బతికుండగా ఈ గుమ్మం మీద ఆ పేరు ఒక్కటే ఉంటాది. అది నాది. నేను పోయాక మీ ఇష్టం."

ఇంట్లో అదే ఆఖరి మాట. నేను బ్రష్షు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే అమ్మ వెనకాలే వచ్చింది.

"మా నాన్న నేను కడుపులో ఉండగానే ఆ పేరు పెట్టుకున్నాడ్రా," అంది మెల్లగా. "మా అమ్మ పొట్ట దగ్గర నోరు పెట్టి ఆ పేరుతో పిలిచేవాడంట. కొడుకు పుడితే ఏం చేస్తావయ్యా అంటే, పుట్టడు, నా కూతురు లోపల్నుంచి పలుకుతోంది అనేవాడంట. నా పెళ్లయ్యాక ఆయన కూడా పిలవడం మానేశాడు. వియ్యపురాలి పేరు కదా, అగౌరవం అని. అమ్మాయ్ అనేవాడు. పోయేటప్పుడు కూడా అమ్మాయ్ అనే పోయాడు."

నేను బ్రష్షు నీళ్లలో ముంచి కడిగాను.

"నన్ను ఎవరూ పిలవక్కర్లేదు. గుమ్మం మీద ఒకసారి చూసుకోవాలనుందిరా. అంతే," అంది అమ్మ.

అమ్మ ఏదన్నా కావాలని అడగడం అదే మొదటిసారి. ఎలాగైనా ఆ బోర్డు రాయాలని నాకు పట్టుదల వచ్చింది. నానమ్మని మెల్లగా బతిమాలుకుందాం, పక్షోత్సవాలు అయ్యేలోపు ఒప్పుకోకపోతుందా అనుకున్నాను. ఈలోపు నిబంధనే మారిపోయింది.

అది మారడానికి కారణం మా చైర్మన్ పృథ్వీవర్ధన్ గారు. ఆయనకి ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. అందుకని ఈయన పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ చాటలో తెచ్చుకుని, పెంటయ్య అని పేరు పెట్టారు. అలాంటి పేరున్నవాణ్ని తీసుకెళ్లడానికి యముడు మొహమాటపడ్డాడు. పెంటయ్య గారు పెరిగి, రొయ్యల చెరువులు వేసి, ఎన్నికల్లో నిలబడేనాటికి పృథ్వీవర్ధన్ అయ్యారు. ఆ కొత్త పేరు గోడల మీద మొదట రాసింది నేనే.

నేను నీలంరంగు నమూనా చూపించడానికి కమిషనర్ గారి గదికి వెళ్లేసరికి చైర్మన్ గారు అక్కడ కూర్చుని చెమటలు కక్కుతున్నారు. పక్కన విశేషాధికారి ఉన్నారు.

"ఏంటండీ కమిషనర్ గారూ, నా గేటు మీద పెంటయ్య అని రాస్తారంటండీ?"

"ప్రథమ పౌరులైన తమరి గృహమే తొలి ఆదర్శంగా నిలవాలని పాలనాపరమైన ఆకాంక్ష," అన్నారు కమిషనర్.

"ఆకాంక్ష సరేనండీ. ప్రతిపక్షం వాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారండీ."

"నిబంధన వ్యక్తుల మొహం చూడదు."

చైర్మన్ గారు కాసేపు ఆలోచించారు. ఊరికే చైర్మన్ అవుతారా ఎవరైనా?

"ఆ పేరు పెట్టింది బారసాల నాడు కదండీ. మరి పుట్టిన దగ్గర్నుంచి బారసాల దాకా మా అమ్మ నన్ను పేరు లేకుండానే పెంచిందంటారా? పిలిచింది. బుజ్జి అని పిలిచింది. పెంటయ్య కంటే ముందొచ్చింది బుజ్జి. మరి ఏది అసలండీ?"

సచ్చిదానందం గారు కుర్చీలోంచి లేచిపోయారు. ఆయన కళ్లు చెమర్చడం నేను కళ్లారా చూశాను.

"నామకరణ పూర్వ నామము!" అన్నారు. "సార్, ఇది పరిపాలనా చరిత్రలో ఎవ్వరూ స్పృశించని కోణం. మనం మూలం దాకా వెళ్లలేదు సార్. మధ్యలోనే ఆగిపోయాం!"

మర్నాడు ఆటోలో సవరణ వినిపించింది. "అసలు పేరు అనగా, సదరు వ్యక్తి జన్మించిన క్షణము మొదలు ఎవరైననూ వారిని తొలిసారిగా ఏ పేరున సంబోధించిరో ఆ పేరు. సదరు పేరును నామధారి అధికారి ఎదుట స్వముఖమున ఉచ్చరించవలెను. నామధారి కంటె వయసున పెద్దవారై, సదరు పేరు వాడుకలో ఉండగా స్వయముగా వినియున్న ఒక సజీవ సాక్షి కూడ దానిని ధ్రువపరచవలెను."

సాక్షి దేనికంటే, ఒకరి పేరు ఇంకొకరు ఎగరేసుకుపోకుండానట. బుజ్జి అనే పేరు కోసం దొంగలు పడతారని విశేషాధికారి గారి భయం.

ఊళ్లో ముసలమ్మలకి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. ఎన్నడూ పలకరించని కొడుకులు పళ్లు పట్టుకుని తల్లుల దగ్గరికి వెళ్లి, "అమ్మా, నన్ను మొదట ఏమని పిలిచావే?" అని అడగడం మొదలుపెట్టారు. తల్లులు మురిసిపోయి చెప్పారు. వార్డుల వారీగా లెక్క తేలాక తాడిలంకపేట జనాభాలో సగం మంది బుజ్జి. మిగతావాళ్లు చంటి, పండు, చిట్టి, చిన్ని, పాప. ఎక్కడో ఒకరిద్దరు బొండాలు.

నా పని తేలికైపోయింది. అట్టముక్క మీద 'బుజ్జి' అని చెక్కి, వీధి ఆ చివర్నుంచి ఈ చివరికి రంగు అద్దుకుంటూ వెళ్లిపోయేవాణ్ని. అక్షరానికి ఇంత అని మాట్లాడుకున్నాను కదా, చెయ్యి తిరిగిన పనికీ అట్టముక్క పనికీ ఒకటే కూలి. ఆ పక్షం రోజులూ నాకు ప్రభుత్వం మీద గౌరవం పెరిగింది.

నిబంధన అధికారులకి కూడా వర్తించింది. కమిషనర్ గారి మేనత్త బండెక్కి వచ్చి సాక్ష్యం చెప్పింది. ఆ రోజు నుంచి ఉత్తర్వుల కింద 'చిట్టి, పురపాలక కమిషనర్' అని సంతకం వచ్చేది. సచ్చిదానందం గారి తల్లి ఫోనులో నిజం చెప్పేసింది. ఆయన గది బయట 'బుడ్డోడు, విశేషాధికారి' అని నేనే రాశాను. బంట్రోతులు ఆ గదిలోకి వెళ్లేముందు కాసేపు గోడ వైపు తిరిగి నవ్వుకుని వెళ్లేవారు.

ప్రభుత్వాసుపత్రిలో నర్సు బయటికొచ్చి "బుజ్జి ఎవరండీ?" అంటే హాలు హాలంతా లేచి నిలబడేది. పోలీసులు బుజ్జి అనే సైకిళ్ల దొంగ కోసం వెతికి, దొరికినవాణ్నల్లా స్టేషనుకి తెచ్చారు. పేరడిగితే ప్రతివాడూ నిజమే చెప్పాడు. రైసు మిల్లు యజమాని ఎనభై దాటి కాలం చేస్తే, అంత పెద్దమనిషి ఫొటో కింద 'చంటి గారికి అశ్రునివాళి' అని వేశారు. ఏడవడానికి వచ్చినవాళ్లు చాలా అవస్థపడ్డారు.

కౌన్సిల్ సమావేశం మాత్రం బాగా జరిగింది. "గౌరవ సభ్యులు పండు గారు లేవనెత్తిన అభ్యంతరాన్ని గౌరవ సభ్యులు చిన్ని గారు పరిశీలించాలి" అని చైర్మన్ అనడం, వాళ్లు పరిశీలించడం. ప్రతిపక్షం వాళ్లు అలవాటు ప్రకారం వెల్‌లోకి దూకి, "బుజ్జి డౌన్ డౌన్" అని ఒకసారి అరిచి, ఎందుకో సిగ్గుపడి వెళ్లి కూర్చున్నారు. కుర్చీలు విసురుకోకుండా సమావేశం ముగియడం మా ఊళ్లో అదే మొదటిసారి.

ఈ విజయం చూసుకుని ముగింపు సభకి మంత్రిగారిని పిలిచారు. శిలాఫలకం మీద మంత్రిగారి అసలు పేరు చెక్కించాలి గనుక, వారి తల్లిగారిని కనుక్కుని రమ్మని వారి సొంతూరికి మనిషిని పంపారు.

అందరూ బుజ్జులైపోతుంటే మా అమ్మ మాత్రం దిగులు పడింది. ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగి వచ్చి, అమ్మని అడక్కుండానే 'పాప' అని రాసుకుని వెళ్లాడు. ఆడవాళ్లలో ఎక్కువమంది పాపలే కనక అడగనక్కర్లేదనుకున్నాడు.

"నేను పాపని కాదు. ఆఫీసుకి పద," అంది అమ్మ. మా అమ్మ రేషను డిపోకి తప్ప ఇంకో ఆఫీసుకి వెళ్లగా నేను చూడలేదు. ఉతికిన చీర కట్టుకుని, నాకంటే ముందు నడిచింది.

సచ్చిదానందం గారి గది ముందు పెద్ద వరస ఉంది. మా వంతు వచ్చాక అమ్మ నిలబడే చెప్పింది.

"నన్నెవరూ పాప అని పిలవలేదండీ. కడుపులో ఉండగానే మా నాన్న పేరు పెట్టేశాడు. పుట్టగానే ఆ పేరుతోనే చేతుల్లోకి తీసుకున్నాడంట. మంత్రసాని చెప్పింది, మా అమ్మ చెప్పింది. ఆ పేరే రాయించండి బాబూ."

"గర్భస్థ నామము!" అన్నారు సచ్చిదానందం గారు పరవశంగా. "అమ్మా, ఈ పట్టణంలో నామకరణ పూర్వమూ, నామకరణానంతరమూ ఒకే పేరు గల ఏకైక పౌరురాలు తమరు. తమరు మాకు గర్వకారణం. ఇక స్వముఖమున ఉచ్చరించండి."

అమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసింది.

"మా అత్తగారి పేరండీ," అంది.

"వారిది తరవాత చూద్దాం. ముందు తమరిది."

"రెండూ ఒకటేనండీ. పలకకూడదండీ."

నేను ముందుకి వచ్చి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "తమరు మాట్లాడరాదు. తల్లి జన్మించినప్పుడు తమరు లేరు."

"పోనీ గుర్తు చెప్తానండీ," అంది అమ్మ. మొగుడి పేరు చెప్పమంటే పూర్వం ఆడవాళ్లు చెప్పే పద్ధతిలో, తల దించుకుని, "శివుడి భార్యండీ" అంది.

"పార్వతి!"

"కాదండీ. ఆవిడే గానీ, ఆ పేరు కాదండీ."

"గౌరి? ఉమ? దాక్షాయణి?"

"కాదండీ."

వరసలో వాళ్లకి హుషారొచ్చింది. అన్నపూర్ణ, భ్రమరాంబ, కాత్యాయని అంటూ వెనక నుంచి కేకలు. ఎవరో "గంగండీ?" అన్నారు. "అయ్యో, ఆవిడ సవతి కదండీ!" అని అమ్మ నొచ్చుకుంది. అత్తగారి పేరులో ఉన్న మాట కూడా పలకదు కాబట్టి, హిమవంతుడి పేరెత్తకుండా చివరికి ఇంకో దారి వెతుక్కుంది.

"మంచుకొండ గారి అమ్మాయండీ."

పక్కనున్న గుమాస్తా వెంటనే 'ఇంటిపేరు: మంచుకొండ' అని ఎక్కించేశాడు. దాన్ని కొట్టించడానికి ఇంకో అర్జీ పెట్టుకోవాలన్నాడు.

సచ్చిదానందం గారు నిట్టూర్చి పెన్ను కింద పెట్టారు. "అమ్మా, తమరి ఇబ్బంది నాకు అర్థమైంది. అయినా నిబంధన నన్ను కట్టివేసింది. పెద్ద వయసు సాక్షి ఎవరైనా సజీవంగా ఉన్నారా? వారు ధ్రువపరిస్తే, ఉచ్చారణ విషయం సానుభూతితో పరిశీలించగలను."

"ఒక్కరున్నారండీ," అంది అమ్మ. "మా ఇంట్లోనే. మంచం మీద."

తిరిగొచ్చేటప్పుడు అమ్మ నా వెనకాల నడిచింది. నాకు ఊరి మీద, ఆఫీసు మీద, అత్తగార్ల మీద, అందరి మీదా కోపం వచ్చింది. ఇన్ని వందల పేర్లు రాసినవాణ్ని, మా అమ్మ పేరు రాయలేకపోతున్నాను.

పక్షోత్సవాల ఆఖరి రోజు మధ్యాహ్నం విశేషాధికారి ఫైలు చంకన పెట్టుకుని మా ఇంటికి విచారణకి వచ్చారు. నేను కుర్చీ వేశాను. అమ్మ వంటింట్లోకి వెళ్లి కాఫీకి నీళ్లు పెట్టింది, గుమ్మం దాకా వచ్చి వినే ధైర్యం ఆవిడకి లేదు. నానమ్మ గోడకి చేరబడి, ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఎవరబ్బాయివి నాయనా?"

"నేను పురపాలక విశేషాధికారి... బుడ్డోడినండీ," అన్నారాయన. నిబంధన ఇళ్ల దగ్గర కూడా వర్తిస్తుంది మరి.

"పోన్లే, ఎదుగుతావు," అంది నానమ్మ.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ముందు తమరి పేరు నిర్ధారించుకుని, ఆ పిమ్మట తమరి సాక్ష్యం తీసుకుంటాను. తమరి పేరు?"

"హైమవతి."

"తమరిని ఆ పేరుతో పిలువగా విన్నవారు, తమరి కంటే పెద్దవారు, ఎవరైనా ఉన్నారా?"

"నాకంటే పెద్దా?" నానమ్మ వసారాలోంచి బయటికి చూసింది. "ఈ చుట్టుపక్కల నాకంటే పెద్దది ఆ రైలు గట్టొకటే నాయనా."

"సజీవ సాక్షి కావాలండీ."

"ఎవరూ లేరు."

సచ్చిదానందం గారు ఫైలు తిప్పి తిప్పి చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే నొచ్చుకున్నారు. "అయితే నిబంధనల రీత్యా తమరు అనామకుల కిందికి వస్తారండీ."

"అంటే?"

"ప్రస్తుతానికి తమరికి పేరు లేదండీ."

నానమ్మ కోప్పడుతుందనుకున్నాను. గిన్నె విసురుతుందేమోనని, మందుసీసాలు ఆవిడ చేతికి దూరంగా జరిపాను కూడా. ఆవిడ మాత్రం ఆయనతో కాదు, నాతో కాదు, గోడతో చెప్పినట్టు మాట్లాడింది.

"నిజమే. నన్ను ఆ పేరుతో పిలిచిందెవరు? మా అమ్మ పిలిచింది. మా అన్న పిలిచాడు. వాళ్లు పోయారు. మా ఆయన ఏమేవ్ అన్నాడు. కొడుకు అమ్మా అన్నాడు, వీడు నానమ్మా అన్నాడు. ఊళ్లో వాళ్లకి మామ్మని. ఈ గుమ్మంలోకి వచ్చాక ఆ పేరుతో నన్నొక్కరూ కేకేసిన పాపాన పోలేదు." నా వైపు తిరిగింది. "ఎవరూ పిలవని పేరుకి ఇన్నేళ్లూ కాపలా కాశాన్రా. ఆ పిల్లని పలకనివ్వకుండా."

ఆవిడ నిటారుగా కూర్చుని, వంటింటి వైపు తిరిగి, ఆ వయసులో ఆ గొంతు ఎక్కడ్నుంచి వచ్చిందో గానీ, వీధికి వినబడేలా కేకేసింది.

"హైమవతీ!"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. మరుక్షణం అమ్మ గరిటె పట్టుకుని దూసుకొచ్చింది. మొహం ఎర్రబడింది. అమ్మకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. తిన్నగా అధికారి మీదికి వెళ్లింది.

"ఎవరండీ అది? ఇంత పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలుస్తారా? మా అత్తయ్యగారంటే అంత లోకువైపోయిందా మీకు?"

సచ్చిదానందం గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"ఆయన కాదే," అంది నానమ్మ. "నేను పిలిచాను. నిన్నే."

అమ్మ అలాగే నిలబడిపోయింది. గరిటెలోంచి కాఫీ పొడి నీళ్లు బొట్లు బొట్లుగా గచ్చు మీద పడుతున్నాయి. తుడవాలన్న ధ్యాస లేదు ఆవిడకి.

సరిగ్గా అప్పుడే సచ్చిదానందం గారి ఫోను మోగింది. ఆయన లేచి నిలబడి, "సార్... సార్... అలాగే సార్" అని చాలాసార్లు అన్నారు. పెట్టేసి, మొహం తుడుచుకున్నారు. మంత్రిగారి సొంతూరికి పంపిన మనిషికి వారి తల్లిగారు ఏదో పేరు చెప్పారట. ఏం చెప్పారన్నది ఈరోజుకీ బయటికి రాలేదు. పక్షోత్సవాలు తక్షణం రద్దు. పాత పేర్లన్నీ మళ్లీ చెల్లుబాటు. నీలం బోర్డులన్నీ చీకటిపడే లోపు పీకెయ్యాలి.

"తమరి పేరు తమరికి తిరిగి వచ్చేసిందండీ," అన్నారాయన నానమ్మతో. ఫైలుకి తాడు కట్టేసి, పెన్ను జేబులో పెట్టుకుని, అమ్మ వైపు తిరిగారు. "అమ్మా, తమరిని శ్రమ పెట్టినందుకు మన్నించాలి. ఇక తమరు ఉచ్చరించవలసిన అవసరం లేదు."

"ఉండండి బాబూ," అంది అమ్మ.

నానమ్మ వంక చూసింది. నానమ్మ తల ఊపి, "చెప్పవే," అంది. "నా పేరు కాదు. నీ పేరు."

అమ్మ గరిటె కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"హైమవతండీ," అంది. ఎదురుగా ఉన్న నాకే సరిగ్గా వినబడలేదు.

"మళ్లీ ఒకసారి?" అన్నారు సచ్చిదానందం గారు, అలవాటు కొద్దీ.

"హైమవతి," అంది అమ్మ. ఈసారి వసారా అంతా వినబడింది.

ఆయన నమస్కారం పెట్టి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయారు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. అమ్మ మళ్లీ చెప్పింది.